మీ ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పం

జూలై 7, సోమవారం

మా ఊరు భానుశ్రీకి వచ్చింది.

హరినాథ్ సార్ చీటీలు తీయించారు. పబ్లిక్ హెల్త్ మూడో సంవత్సరం వాళ్ళందరం ఒక్కో ఊరికి పోయి, ఇల్లిల్లూ తిరిగి, జ్వరాలు, నీళ్ళు, పశువులు, మరుగుదొడ్లు అన్నీ అడిగి రావాలి. ఎవరి ఊరికి వాళ్ళు పోకూడదని నియమం. సొంత ఊళ్ళో మనకు నిజం చెప్పరట, మనకు నచ్చేది చెప్తారట. గిన్నెలో అన్ని చీటీలుంటే పలమనేరు దగ్గరి మా ఊరి చీటీనే భాను చేతికి తగలాలా? ఆమెకు చల్లటి గాలి, మా అమ్మ చేతి సంగటి. నాకు పులికాట్ ఒడ్డున చేపల పల్లె, రొయ్యల పొట్టు వాసన.

బాగా చేసినవాళ్ళను విజయవాడ సదస్సుకు పంపుతారు. ఒక్కరినే. మొదటి సంవత్సరం నుంచీ ప్రతిదానికీ ఆమె ముందు, నేను వెనక. చిత్తూరు మామిడి మండీ వాళ్ళమ్మాయి, అడక్కుండానే అన్నీ అమరుతాయి. ఇప్పుడు హాస్టలు గదిలో నా పక్క మంచం మీద కూర్చుని, పాట పాడుకుంటూ బ్యాగు సర్దుకుంటోంది.

ఒక్కటి మాత్రం ఇవాళ నాది. ప్రశ్నలు మొదలుపెట్టే ముందు ప్రతి ఇంట్లో ఒక మాట చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. అచ్చులో "మీ సమాధానములు గోప్యముగా ఉంచబడును" అని ఉంది. మా అమ్మకు ఆ మాట చెప్తే గోప్యం ఎవరి పెళ్ళాం అని అడుగుతుంది. నేను లేచి, "మీరు చెప్పేది మీ ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పం అంటే చాలు సార్" అన్నాను. సార్ అచ్చులోని వాక్యం కొట్టేసి, "అందరూ అదే చెప్పండి" అన్నారు. క్లాసంతా బల్లలు చరిచారు. భాను కూడా చరిచింది, అందరికంటే గట్టిగా.

నాకేం అసూయ లేదు.

జూలై 9

నా స్నేహితురాలు వస్తుందని అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"ఆ పాప సంగటి తింటాదా? టౌను పిల్ల కదా. అన్నమే వండల్లా?"

నేను అన్నం అడిగితే "ఉండేది తిను" అంటుంది మా అమ్మ నిర్మలమ్మగారు.

జూలై 14, సూళ్ళూరుపేట

పొద్దుటి నుంచి తిరిగితే నా వైపు తలెత్తి చూసినవాళ్ళు తక్కువ. అందరి చేతులూ రొయ్యల మీద, చూపులూ రొయ్యల మీద. దేవకమ్మ అనే పెద్దామె కూడా ఒలుస్తూనే "అడుగు" అంది. నా వాక్యం చెప్పాను. చేతులు ఆగాయి.

"ఇంట్లో వాళ్ళకు కూడానా?"

"వాళ్ళకు కూడా చెప్పం అవ్వా."

ఆమె వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. నేను బయలుదేరుతుంటే కోడలు వాకిలి దాకా వెంట వచ్చింది. "మా అత్త ఏం చెప్పింది? నా మీదేమన్నా చెప్పిందా?" అని అడిగింది. చెప్పకూడదన్నాను. "నేను ఇంటిదాన్నే కదా?" అంది. ఇంటివాళ్ళకు కూడా చెప్పం అక్కా అన్నాను. ఆమె మూతి తిప్పుకుని లోపలికి పోయింది.

అంత మంట పెట్టుకున్న మనిషి ముందు నోరు కట్టుకుని నిలబడినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. భాను అయితే కరిగిపోయి కక్కేసేది.

జూలై 15

భాను స్టేటస్‌లో మా ఇంటి వాకిలి, మా అమ్మ, మా ఇత్తడి గిన్నెలో జున్ను. కింద "మా పెద్దమ్మ చేతి జున్ను" అని రాసింది. మొదటి రోజు ఆంటీ అంది. ఇప్పుడు పెద్దమ్మ. ఈ లెక్కన శనివారానికి అమ్మ అయిపోతుంది.

అసలు ఈ ఏడు మా ఇంట్లో జున్ను పాలే లేవు. వేసవిలో మా ఆవు గౌరి నెలలు నిండకుండానే చచ్చిన దూడను వేసింది. మాయ పడకపోతే, పశువుల డాక్టరు వచ్చేలోపు అమ్మే ఉత్త చేత్తో లాగి తీసింది. ఆ రోజు అమ్మ ఏడ్చిన ఏడుపు ఫోనులో విన్నాను. అంటే ఈ జున్ను కోసం పక్కింట్లో పాలు అడిగి తెచ్చి మరీ వండిందన్న మాట. నా కోసం ఎన్నడైనా పక్కింటి గడప తొక్కిందా? పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పొరుగింటి పిల్ల కూడా రుచేనేమో.

ఫొటోలో అమ్మ చిక్కినట్టు కనిపిస్తోంది. అంత ఖరీదైన ఫోను ఉండీ ఫొటో తీయడం రాదు ఈ భానుకు.

జూలై 19, తిరుపతి

హాస్టలుకు వచ్చేశాం. అమ్మ నిలవుండేలా ఊరిబిండి పచ్చడి చేసి సీసా నిండా పంపింది, భాను చేతికి. "మీ ఇద్దరికీ అని ఇచ్చింది జయా" అంటూ సీసాను రెండు మంచాల మధ్య కిటికీలో పెట్టింది. మా ఇంటి ఊరిబిండిలో నాకు వాటా ఇస్తోంది!

తర్వాత దువ్వెన చేతిలో పట్టుకుని, తల దువ్వకుండా నిలబడి అడిగింది.

"మీ అమ్మతో మాట్లాడినావా?"

"రోజూ మాట్లాడతాను. ఎందుకు?"

"ఊరికే. ఒకసారి ఇంటికి పోయి రారాదా? నువ్వు పోయి శానా నాళ్ళయింది కదా."

మా ఇంటికి ఎప్పుడు పోవాలో నాకు ఈమె చెప్తుంది. రిపోర్టు రాసే సమయంలో నన్ను ఊరికి తోలేస్తే విజయవాడకు తనకు దారి ఖాళీ. అంత తెలియనిదాన్నా నేను? "నువ్వు పోయొచ్చినావు కదా, చాల్లే" అన్నాను. ఆమె అద్దం వైపు తిరిగి తల దువ్వుకోవడం మొదలుపెట్టింది.

జూలై 22

అమ్మ ఫోను బిజీ. తలెత్తి చూస్తే వరండాలో భాను, ఫోను చెవికి ఆనించుకుని.

జూలై 23

మళ్ళీ బిజీ.

జూలై 25, శుక్రవారం

ఇవాళ అమ్మ దొరికింది. రెండు ముక్కలు మాట్లాడి "పని ఉండాది, పెట్టేస్తా" అంది. గొంతు నీరసంగా ఉంది. భానుతో అంతసేపు మాట్లాడితే నీరసం రాదూ మరి.

సాయంత్రం భాను పుస్తకం పట్టుకుని నా మంచం మీదికి వచ్చి కూర్చుంది. పశువుల నుంచి మనుషులకు వచ్చే జ్వరాల పాఠం తెరిచి, "ఇది ఇద్దరం కలిసి చదువుదామా? ఒకసారి నువ్వు గట్టిగా చదువు, నేను ఇంటా" అంది.

"అది నాకు కంఠతా వచ్చు" అన్నాను.

"అయినా ఒకసారి సూడు, జయా."

"నీకు రాకపోతే నువ్వు చదువుకో."

పుస్తకం నా మంచం మీదే తెరిచి పెట్టి పోయింది. మూసి ఆమె మంచం మీద పడేశాను. పోయిన సెమిస్టర్ ఆ పాఠంలో నాకు ఆమె కంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. అది మరిచిపోయినట్టుంది.

ఆగస్టు 1, శుక్రవారం

ఇవాళ్టిది రాయాలని లేదు. అయినా రాస్తాను.

జిరాక్సుల కోసం బస్టాండు దగ్గరికి పోయాను. రోడ్డుకు అవతల, పెద్దాసుపత్రి వైపు నుంచి వచ్చే జనంలో భాను కనిపించింది. క్లాసు ఎగ్గొట్టి ఏం చేస్తోందబ్బా అని చూస్తే పక్కన మా అమ్మ.

మా అమ్మే. నా పుట్టినరోజుకు నాయన తెచ్చిన ఆకుపచ్చ చీర. తిరుపతి ఎండ మాడు పగలగొడుతుంటే భుజాల చుట్టూ శాలువా కప్పుకుంది. కొత్త శాలువా. భాను కొనిచ్చి ఉంటుంది, ముచ్చటపడి కప్పుకుని ఉంటుంది. అమ్మ చేతిసంచి భాను భుజానికి ఉంది. ఇద్దరూ పలమనేరు బస్సు ఆగేచోట బల్ల మీద కూర్చున్నారు. భాను మజ్జిగ ప్యాకెట్టు చింపి ఇచ్చింది. అమ్మ సగం తాగి, మిగిలింది భానుకే ఇచ్చింది. నేను తాగిన గ్లాసు కడిగి గానీ తాగదు మా అమ్మ.

జామకాయల బండి వెనక్కు జరిగాను. దాక్కోవాల్సినవాళ్ళు వాళ్ళు. దాక్కున్నది నేను, తేలు కుట్టిన దొంగలాగా. ఫోను తీసి అమ్మకు చేశాను. అమ్మ సంచిలోంచి ఫోను తీయడం, నా పేరు చూసి భాను మొహం చూడటం, రెండూ కనిపించాయి.

"ఏంది పాపా?"

"యాడుండావమ్మా?"

"యాడుంటా? ఇంట్లోనే ఉండా. గౌరికి మేత ఏస్తాండా."

హారన్ల మోత నాకు ఈ చెవిలోనూ వినిపిస్తోంది, ఆ చెవిలోనూ వినిపిస్తోంది. సరేనమ్మా అన్నాను. పెట్టేశాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటే భాను వీపు నిమిరింది. బండివాడు "జామకాయలు తీసుకోమ్మా" అంటే తీసుకున్నాను. అవి గదిలో అలాగే ఉన్నాయి.

నాకు అబద్ధం చెప్పి మరీ ఆమెను చూడటానికి వచ్చింది. ఇదే తిరుపతిలో నేనూ ఉన్నాను.

ఆగస్టు 2

సార్‌తో చెప్పాను.

చాడీ కాదు. నియమం నియమమే. సర్వే చేసిన ఇంటితో చుట్టరికం కలుపుకోకూడదు, తినుబండారాలు తెచ్చుకోకూడదు, పని అయ్యాక ఆ మనుషులను పిలిపించుకోకూడదు. "ఒక ఇంటావిడను పెద్దమ్మా అని పిలుస్తుంది, రోజూ ఫోన్లు చేస్తుంది, నిన్న తిరుపతికి రప్పించుకుంది సార్" అన్నాను. ఆ ఇంటావిడ ఎవరో సార్‌కు చెప్పలేదు. సార్ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నే.

ఆగస్టు 5, మంగళవారం

సార్ గదికి మా ఇద్దరినీ పిలిచారు.

"నిజమేనా?" అని అడిగారు భానును.

"నిజమే సార్."

"ఎందుకు కలిశావు ఆమెను?"

"చెప్పలేను సార్."

"చెప్పకపోతే ఆ ఊరి పని మొత్తం పక్కన పెట్టాల్సి వస్తుంది. ఒక ఇంటితో ఇంత దగ్గరైతే మిగతా ఇళ్ళ సమాధానాలు నేనెలా నమ్మను? ఈ సెమిస్టర్ నీకు పోతుంది. తెలుసు కదా?"

"తెలుసు సార్. పెట్టేయండి."

అంతే అంది. నా వైపు చూడలేదు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. విజయవాడకు నా పేరు రాసుకున్నారు సార్. గెలిచాను. మెస్సులో ఇవాళ నాకిష్టమైన చింతచిగురు పప్పు. రెండు ముద్దలు తిని లేచాను.

ఎందుకు చెప్పలేదు? ఏదో ఒక సాకు చెప్పొచ్చు కదా? కొండకు వచ్చిందనో, గుడికి తీసుకుపోయాననో. చెప్పలేను అనడం ఏమిటి?

ఆగస్టు 6

తిరుపతి ఎండలో శాలువా ఎందుకు కప్పుకుంది?

ఆగస్టు 7

గదిలో భానును పట్టుకుని అడిగాను. మా అమ్మకు ఏమైంది అని.

ఆమె బట్టలు మడత పెడుతోంది. మడత పెడుతూనే ఉంది.

"పోయి ఆమెనే అడుగు."

"నేను కూతుర్ని భానూ. నాకు చెప్పకూడదా?"

అప్పుడు చూసింది నా వైపు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఊళ్ళో పతి ఇంట్లో నీ మాటే చెప్పినాను. మీ ఇంట్లో కూడా అదే చెప్పినాను. మీ అమ్మ నన్ను రెండు తూర్లు అడిగింది, నా కూతురికి కూడా చెప్పవా అని. చెప్పనంటినే. ఇంగ నేనేం చేసేది? నువ్వే పోతావని ఎదురుజూస్తిని. పుస్తకం తెచ్చి నీ ముందర పెడితిని. నువ్వు నా మొకాన కొడితివి."

దేవకమ్మ కోడలు వాకిట్లో నిలబడి మూతి తిప్పుకోవడం గుర్తొచ్చింది.

ఉత్త చేత్తో మాయ తీసింది. చిక్కిపోయింది. నీరసం. శాలువా. పాఠంలో ఉన్నదంతా వరుసగా నా కళ్ళ ముందే జరుగుతుంటే, నేను ఆ కళ్ళల్లో నిప్పులు పోసుకుని కూర్చున్నాను.

ఆగస్టు 9, శనివారం, మా ఊరు

చెప్పకుండా వచ్చాను. నాయన పాలు పోయడానికి సొసైటీకి పోయాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఇంట్లో కూడా శాలువా కప్పుకునే ఉంది. పాతదే, మా అవ్వది. కొత్తదని నేనే అనుకున్నాను.

"ఏమ్మే, చెప్పకుండా వచ్చినావు?"

"జ్వరం ఎన్నాళ్ళ నుంచి?"

అమ్మ చేతిలో కట్టె ఆగింది. "ఎవురు చెప్పినారు? ఆ పాపేనా?"

"ఆ పాప నోరు తెరవలేదు."

"మంచి పిల్ల" అంది అమ్మ, తృప్తిగా. అంతలోనూ నాకు మండింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ మండిన మాట నిజం.

"నాకేం లేదు పో. ఎండకు ఒళ్ళు నొప్పులు. మొగం కడుక్కోనిరా, సంగటి పెడతా."

ఎంత అడిగినా అదే మాట. ఏడ్చాను, లాభం లేదు. అరిచాను, అంతకన్నా లాభం లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, ఆ చెట్టు నేనే. చివరికి మొహం కడుక్కుని, బయటికి పోయి, వాకిలి దగ్గర చెప్పులు విడిచి, మళ్ళీ కొత్తగా లోపలికి వచ్చాను. అమ్మ ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"అమ్మా, నేను యూనివర్సిటీ నుంచి వచ్చినాను. మీ ఇంట్లో ఈ మధ్య ఎవరికైనా జ్వరం వచ్చిందా? మీరు చెప్పేది మీ ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పం. మీ ఆయనకు చెప్పను. మీ కూతురికి కూడా చెప్పను."

అమ్మ నవ్వింది. "కూతురికి కూడా చెప్పవా?" అంది.

"చెప్పను."

"ఏడుస్తాది అది. అది ఏడిస్తే నేను చూడలేను."

"చెప్పనమ్మా."

నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి చెప్పడం మొదలుపెట్టింది. గౌరికి దూడ పోయిన కొన్నాళ్ళకు మొదలైందట. "సాయంత్రమైతే వణుకు. తెల్లారేకి చీరంతా తడిసిపోతాది. నడుము ఇరిగి పోతాండాది. నాలుగు నాళ్ళు పోతాది, మళ్ళా వస్తాది." పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేసి పేరు చెప్పారట, అమ్మకు నోరు తిరగలేదు. బ్రూసెల్లోసిస్. మాయ తీసిన చేతుల గుండా వస్తుంది, కాయని పాల గుండా వస్తుంది. ఆరు వారాలు మాత్రలు మానకుండా వేసుకుంటే తగ్గుతుంది. మానితే తిరగబెడుతుంది, కీళ్ళు పట్టేస్తాయి. ఇవన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

"మీ కూతురు చదివేది ఈ చదువే కదా. ఆమెకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. సర్వేలో లేని ప్రశ్న.

"అది రోగాల చదువు చదవతాండాది. దానికి చెప్తే ఎంటనే పేరు చెప్తాది. పేరు ఇనాలంటే నాకు బయం. ఆ పాప పేరు చెప్పలా. రాసుకునింది, తల ఊపింది. పోదాం రా పెద్దమ్మా అని పతి దినమూ ఫోను జేసింది. నేను పోకపోతే ఏడ్చింది గూడా. పరాయి పిల్ల ఏడిస్తే తట్టుకోవచ్చు."

ఊళ్ళో తెలిస్తే పాలు పోయించుకోరని ఆమె భయం. పాలు కాస్తే ఏమీ కాదని చెప్పాను. గౌరికి, మిగతా ఆవులకు పరీక్ష చేయించాలని, చూడి ఆవు దగ్గరికి ఉత్త చేతులతో పోకూడదని, నాయన కూడా రక్తం ఇవ్వాలని చెప్పాను. "మీ నాయనకు నేనే చెప్తా, ఈ రేతిరికే. ఇంగెవురికీ నువ్వు చెప్పగూడదు. మీ సారుకు గూడా" అంది. మాట ఇచ్చాను.

ఆ తర్వాత అమ్మ ఇంకో సంగతి చెప్పింది. నా గురించి. అది ఇక్కడ కూడా రాయను. అదే సంగతి భానుకు కూడా చెప్పిందా అని అడగాలనిపించింది. అడగలేదు.

ఆగస్టు 11, సోమవారం

సార్ దగ్గరికి పోయాను.

"భాను మీద నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను సార్. ఆమె తప్పేమీ చేయలేదు. ఆ ఇల్లు మా ఇల్లు. ఆ ఇంటావిడ మా అమ్మ."

సార్ కళ్ళజోడు తీశారు. "మీ అమ్మా? మరి ఆమె భానును ఎందుకు కలిసింది?"

"చెప్పలేను సార్."

"నువ్వు కూడానా?"

కారణం ఒక్క ముక్క చెప్తే నేనూ మంచిదాన్నే అవుతాను, అమ్మ కోసం బెంగపడి పొరపడిన కూతుర్ని అవుతాను. ఆ ముక్క నాది కాదు.

"మీ అమ్మ, నీ స్నేహితురాలు కలిసి మాట్లాడుకుంటే, ఆ పిల్ల సెమిస్టర్ పోతుందని తెలిసీ నా దగ్గరికి వచ్చి చెప్పావు. ఇందులో నియమం ఎక్కడుంది? అసూయతో చెప్పావా జయంతీ?"

తలుపు దగ్గర సంతకం కోసం వచ్చిన జూనియర్లు నిలబడి వింటున్నారు.

"అవును సార్" అన్నాను.

సార్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. మా ఇల్లొక్కటి తీసేసి, మిగతా ఊరంతా భానుకే ఉంచుతానన్నారు. విజయవాడ సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పనూ లేదు.

గదికి వచ్చి అమ్మ మాత్ర వేసుకుందో లేదో అడుగుదామని ఫోన్ చేశాను. బిజీ. పక్క మంచం మీద భాను గోడ వైపు తిరిగి కూర్చుని, "తిన్నంకనే ఏసుకోవల్ల పెద్దమ్మా, ఉత్త కడుపుతో వొద్దు" అంటోంది. నాతో ఇంకా మాట్లాడటం లేదు. కిటికీలోని ఊరిబిండి సీసాలో సగం అలాగే ఉంది. నా సగం.

కడుపు మండుతూనే ఉంది. ఫోను ఒళ్ళో పెట్టుకుని నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను.